తలుపు పక్క సీటు

విమానంలో క్యాబిన్ క్రూ మాటకు ఎదురు చెప్పకూడదు. మరి ఆ మాట మనకు తెలిసిన భాషలో వినబడుతోందా?

2022 సెప్టెంబరు 16. విజయవాడ నుంచి హైదరాబాద్ వెళ్లే ఇండిగో విమానం. 2ఏ సీటులో ఒక తెలుగు మహిళ కూర్చుంది. ఆ వరుసను ఆనుకునే అత్యవసర ద్వారం ఉంది. ఆమెకు ఇంగ్లిష్ రాదు, హిందీ రాదు. క్రూ ఆమెను అక్కణ్నుంచి లేపి 3సీలో కూర్చోబెట్టారు. ఆమెకు ఇంగ్లిష్, హిందీ రావు కాబట్టి ఇది సెక్యూరిటీ సమస్య అన్నారు. అదే విమానంలో ఉన్న ఓ అధ్యాపకురాలు ఈ సంగతి ట్విటర్‌లో పెట్టారు. ఆంధ్రప్రదేశ్ నుంచి తెలంగాణకు వెళ్లే విమానంలో తెలుగులో ఒక్క సూచన కూడా లేదని రాశారు. అప్పటి తెలంగాణ మంత్రి కేటీఆర్ దానికి స్పందించి, ప్రాంతీయ మార్గాల్లో తెలుగు, తమిళం, కన్నడం వంటి భాషలు వచ్చిన సిబ్బందిని ఎక్కువగా తీసుకోండని ఇండిగోను కోరారు. నాలుగు రోజులు గోల నడిచింది. తర్వాత అందరూ మరిచిపోయారు.

మరిచిపోదగ్గ విషయం కాదది. ఆ రోజు క్రూను తిట్టినవాళ్లు చాలామందే. నేను క్రూ వైపు నుంచే మొదలుపెడతాను. ఎందుకంటే ఆ సీటు నియమం ఉత్తినే పుట్టలేదు.

అత్యవసర ద్వారం పక్కన కూర్చున్నవాళ్లు టికెట్ కొనుక్కున్న ప్రయాణికులే అయినా ఆపద వేళ సగం సిబ్బంది కింద లెక్క. విమానం నేల మీద ఆగిపోయి, లోపల పొగ కమ్మి, క్రూ అక్కడిదాకా రాలేకపోతే ఆ తలుపు తీయాల్సింది వాళ్లే. ఎయిర్‌బస్ ఏ320లో రెక్కల మీదికి తెరుచుకునే తలుపు దాదాపు 15 కిలోల బరువుంటుంది. దాన్ని తీసేముందు కిటికీలోంచి బయట మంటలు ఉన్నాయేమో చూసుకోవాలి. క్రూ తీయమంటే తీయాలి, వద్దంటే చేయి వెనక్కి తీసుకోవాలి. అందుకే అక్కడ పిల్లల్ని, గర్భిణుల్ని, ఒళ్లు సహకరించని పెద్దవాళ్లను కూర్చోనివ్వరు. అమెరికా నిబంధనలైతే ఇంకా విడమరిచి చెప్పాయి: అచ్చేసిన సూచనలు అర్థం చేసుకోలేనివాళ్లనూ, క్రూ నోటితో ఇచ్చే ఆదేశాలు అర్థం కానివాళ్లనూ ఆ వరుసలో కూర్చోబెట్టకూడదు. మన దేశంలోనూ పద్ధతి ఇదే. విజయవాడ, తిరుపతి వంటి ఊళ్లకు నడిపే ఏటీఆర్ 72 చిన్న విమానంలో 78 సీట్లుంటాయి. యాభై సీట్లకు ఒకరు అన్న లెక్కన ఇద్దరే క్రూ. ప్రయాణికులు ఎక్కే తలుపేమో తోక వైపు. ముందు భాగంలో ఉన్న అత్యవసర తలుపుల దగ్గర ఎవరు కూర్చున్నారన్నది ఆ ఇద్దరికీ నిజంగానే ప్రాణాలతో ముడిపడ్డ సంగతి.

కాబట్టి నియమం సరైనదే. కానీ దాన్ని అమలు చేసిన తీరు ఇంకో ప్రశ్నను లేవనెత్తింది. బయల్దేరింది విజయవాడ. దిగేది హైదరాబాద్. ఆ విమానంలో భాష రానిది ఎవరికి?

పూండి నుంచి చూస్తే

ఈ ప్రశ్న తిరువళ్లూరు జిల్లా పూండిలో నిలబడి అడిగితే మరింత పదునుగా వినిపిస్తుంది. మద్రాసు దాహం తీర్చడానికి కుశస్థలి నది మీద 1944లో కట్టిన జలాశయం ఇక్కడుంది. దానికోసం పాటుపడిన మద్రాసు మేయరు సత్యమూర్తి పేరే దానికి పెట్టారు. తెలుగుగంగ కాలువ కండలేరు నుంచి తెచ్చే కృష్ణా నీళ్లు 1996 నుంచి ఇక్కడికే చేరుతున్నాయి. తెలుగు మాత్రం ఆ నీళ్లకన్నా ఎన్నో తరాల ముందు నుంచీ ఉంది. ఊత్తుకోట, పళ్లిపట్టు, తిరుత్తణి చుట్టుపక్కల ఎన్నో ఊళ్లలో ఇంట్లో మాట తెలుగు, బయట మాట తమిళం. 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి ప్రాంతం చిత్తూరు జిల్లా నుంచి మద్రాసు రాష్ట్రంలో కలిసింది. సర్వేపల్లి రాధాకృష్ణన్ పుట్టిన తెలుగు ఇల్లు ఆ తిరుత్తణిదే. 2006లో బడుల్లో తమిళం తప్పనిసరి చేస్తూ చట్టం వచ్చాక కొత్త తరానికి తెలుగు చెవికి మిగిలింది, కంటికి దూరమవుతోంది. అంటే ఈ ఊళ్లలో చాలామంది అవ్వలకు తెలుగు మాట్లాడటమే వచ్చు, మనవళ్లకు తమిళం చదవడం వచ్చు. ఇంగ్లిష్, హిందీల్లో అచ్చేసి సీటు జేబులో పెట్టిన భద్రతా కార్డు ఆ అవ్వకు బొమ్మల కాగితం.

అయినా వీళ్లంతా విమానం ఎక్కుతూనే ఉన్నారు. తిరువళ్లూరు మీదుగా చెన్నై విమానాశ్రయం ఉన్న మీనంబాక్కం ఇక్కడికి ఎంతో దూరం కాదు. ఇక్కడివాళ్లకే కాదు, చిత్తూరు, నెల్లూరు, తిరుపతి జిల్లాల వాళ్లలో చాలామందికి కువైట్, దుబాయ్, సింగపూర్, అమెరికా దారులన్నీ మీనంబాక్కం నుంచే మొదలవుతాయి. కొడుకు పంపిన టికెట్‌తో మొదటిసారి ఎక్కే తల్లి, గల్ఫ్‌లో ఇంటిపనికి వెళ్లే మహిళ, మేస్త్రీ పనికి వెళ్లే కుర్రాడు. చెన్నై రెండో విమానాశ్రయాన్ని పొరుగునే ఉన్న కాంచీపురం జిల్లా పరందూరులో కట్టాలని తమిళనాడు ప్రభుత్వం 2022లో ప్రకటించింది. ఊళ్లు పోతాయని అక్కడి రైతులు గట్టిగా పోరాడుతున్నారు. ఆ పోరాటం ఎటు తేలినా, ఈ చుట్టుపక్కల పల్లెలకూ విమానానికీ మధ్య దూరం తగ్గుతూనే పోతుంది.

మొదటిసారి ఎక్కిన పెద్దావిడను ఒకసారి గమనించండి. సీటు బెల్టు రెండు కొసలూ చేతిలో పట్టుకుని ఆగిపోతుంది. పక్కవాళ్లు పెట్టి చూపిస్తే పెట్టుకుంటుంది. తీయడం దగ్గర మళ్లీ చిక్కు. కారులో అయితే ఎర్ర బొత్తం నొక్కితే చాలు, ఊడుతుంది. విమానం బెల్టుకు బొత్తం ఉండదు, పైన లోహపు రేకును పైకెత్తాలి. కంగారులో చేతులు అలవాటు ప్రకారమే పనిచేస్తాయి. ప్రమాదం జరిగినప్పుడు లేని బొత్తం కోసం తడుముకున్నవాళ్ల సంగతి విమాన భద్రత పరిశోధకులకు కొత్త కాదు. అందుకే ప్రతిసారీ, రోజూ తిరిగేవాళ్లు విసుక్కుంటున్నా సరే, ఆ రేకు ఎత్తి చూపిస్తారు. చేతులు చూపించేది కొంత, నోరు చెప్పేది కొంత. ఆ రెండో సగం ఆవిడకు చేరదు.

చెన్నై నుంచి బయల్దేరే విమానాల్లో కొన్నిసార్లు క్రూలో ఒక తమిళ అమ్మాయి ఉంటుంది. ఆ పెద్దావిడ దగ్గరికొచ్చి వంగి, పాటీ అని పిలిచి, రెండు ముక్కలు తమిళంలో చెప్పిందంటే ఆ ముఖంలో బెదురు పోతుంది. చిత్తూరు వైపు నుంచి వచ్చిన అమ్మాయైతే అవ్వా అని మొదలుపెడుతుంది. వరుసపెట్టి పిలిచిన పిల్ల చెబితే బ్యాగు కిందపెట్టమన్నా పెడతారు, కిటికీ తెర ఎత్తమన్నా ఎత్తుతారు. ఇది సంస్థ చేసిన ఏర్పాటు వల్ల కాదు, ఆ పూట డ్యూటీ ఎవరికి పడిందన్నదాన్ని బట్టి దక్కే అదృష్టం. భద్రత అదృష్టం మీద నడవకూడదు.

ఆ కఠినత్వం ఎక్కడ పుట్టింది

క్రూ ఎందుకంత ఖండితంగా ఉంటారో తెలియాలంటే మీనంబాక్కం చరిత్రలోనే ఒక రాత్రి ఉంది. 1984 ఆగస్టు 2. కొలంబో వెళ్లే ఎయిర్ లంకా విమానానికి చెకిన్ చేసిన ఒక ప్రయాణికుడు విమానం ఎక్కలేదు. అతని పేరున వచ్చిన పెట్టెలు విమానాశ్రయంలోనే ఉండిపోయాయి. రాత్రి పదకొండు కావస్తుండగా అవి పేలాయి. 33 మంది చనిపోయారు. తమిళ ఈలం ఆర్మీ అనే చిన్న దళం పెట్టిన బాంబు అది, పేలాల్సింది కొలంబోలో. మనిషి ఎక్కకుండా అతని సామాను ప్రయాణిస్తే ఏం జరగొచ్చో మద్రాసుకు ఆ రాత్రే తెలిసింది. పదకొండు నెలలు తిరక్కుండానే, 1985 జూన్ 23న, ఎయిరిండియా కనిష్క విమానం అట్లాంటిక్ మీద పేలిపోయింది. 329 మంది పోయారు. అక్కడా అదే కథ: వాంకూవర్‌లో పెట్టె ఎక్కింది, దాని మనిషి ఎక్కలేదు. మీనంబాక్కం పాఠం ప్రపంచం అప్పుడే నేర్చుకుని ఉంటే అన్న బాధ ఆ రెండు తేదీలు పక్కపక్కన చూసినప్పుడల్లా కలుగుతుంది. 1978లో విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏలో ఒక విభాగంగా మొదలైన పౌర విమానయాన భద్రతా సంస్థ బీసీఏఎస్, కనిష్క తర్వాతే, 1987 ఏప్రిల్ 1న స్వతంత్ర శాఖ అయింది.

తలుపులు మూసేముందు క్రూ తలలు లెక్కపెట్టేది అందుకే. ఒకరు తగ్గితే, ఆలస్యమైనా సరే, కింద సామానులోంచి ఆ మనిషి పెట్టె వెతికి దించేది అందుకే. ప్రయాణికులు ఎక్కకముందే సీట్ల కింద, లైఫ్ జాకెట్ అరల్లో, పైన సామాను గూళ్లలో, మరుగుదొడ్లలో చేయి పెట్టి వెతుకుతారు. ఎవరిదో తెలియని సంచి కనిపిస్తే ఇది ఎవరిదని గట్టిగా అడుగుతారు. ఆ గొంతులో కటువు మన మీద కోపం కాదు.

పొగతాగొద్దు అన్న మాటా అంతే. 1973 జులైలో బ్రెజిల్ సంస్థ వారిగ్ విమానంలో మరుగుదొడ్డి దగ్గర మొదలైన మంట పారిస్ శివార్లలో 123 మందిని బలి తీసుకుంది. మరుగుదొడ్డిలో పొగను పసిగట్టే పరికరం వెనక ఇలాంటి చావులు ఉన్నాయి. 2001 డిసెంబరు 22న పారిస్ నుంచి మయామీ వెళ్తున్న అమెరికన్ ఎయిర్‌లైన్స్ విమానంలో హెర్మిస్ ముటార్డియే అనే ఫ్లైట్ అటెండెంట్‌కు అగ్గిపుల్ల కాలిన వాసన వచ్చింది. వెతుక్కుంటూ వెళ్లి, ఒక ప్రయాణికుణ్ని ఇక్కడ పొగతాగకూడదని హెచ్చరించింది. కాసేపటికి మళ్లీ చూస్తే అతను బూటుకున్న వత్తికి నిప్పు పెట్టే ప్రయత్నంలో ఉన్నాడు. ఆమె పెనుగులాడింది, సహోద్యోగిని క్రిస్టీనా జోన్స్ చేతిని అతను కొరికాడు, ప్రయాణికులు లేచి అతణ్ని కట్టేశారు. బూట్లలో పేలుడు పదార్థం ఉంది. పొగతాగొద్దన్న ఒక చిన్న నియమాన్ని పట్టుబట్టి అమలు చేసిన మహిళ వల్ల ఆ విమానం నిలిచింది. 1986 సెప్టెంబరు 5న కరాచీలో పాన్ యామ్ విమానంలోకి విమానాశ్రయ భద్రతా సిబ్బంది దుస్తుల్లో చొరబడిన హైజాకర్ల సంగతి కాక్‌పిట్‌కు చేరవేసి, చివరికి తలుపు తీసి జనాన్ని బయటికి పంపుతూ నేలకొరిగిన నీర్జా భనోత్ మనందరికీ తెలుసు. వడ్డించే పని ఆ ఉద్యోగంలో కంటికి కనిపించే భాగం. అసలు ఉద్యోగం ఇది.

చట్టమూ వాళ్ల వెనకే ఉంది. విమానం తలుపులు మూసుకున్నాక లోపల అధికారం కమాండర్‌దని 1963 నాటి టోక్యో ఒప్పందం చెప్పింది. మన దేశం 1975లో దాన్ని చట్టం చేసుకుంది. కమాండర్ తరఫున క్రూ ఇచ్చే న్యాయమైన ఆదేశాన్ని కాదనడం, వాళ్ల పనికి అడ్డుపడటం మన ఎయిర్‌క్రాఫ్ట్ రూల్స్ ప్రకారం నేరం. మాట వినని మనిషిని కట్టేయడానికి సామగ్రి విమానంలోనే ఉంటుంది.

అయినా వినని పెద్దమనుషులు ఉన్నారు. 2017 మార్చిలో శివసేన ఎంపీ రవీంద్ర గైక్వాడ్ ఎయిరిండియా ఉద్యోగిని చెప్పుతో కొట్టారు. అదే ఏడాది జూన్‌లో విశాఖపట్నంలో, కౌంటర్ మూసేశాక వచ్చిన అనంతపురం ఎంపీ జేసీ దివాకర్ రెడ్డి, బోర్డింగ్ పాస్ ఇవ్వలేదని ఇండిగో సిబ్బంది మీద విరుచుకుపడ్డారు. విమాన సంస్థలు ఆయన్ను కొన్నాళ్లు ఎక్కనివ్వలేదు. ఆ ఏడాది సెప్టెంబరులోనే నో ఫ్లై జాబితా నిబంధనలు వచ్చాయి: నోటి దురుసుకు మూడు నెలల దాకా, చేయి చేసుకుంటే ఆరు నెలల దాకా, ప్రాణాల మీదికి తెస్తే రెండేళ్లకు తక్కువ కాకుండా నిషేధం. అప్పుడు విమానయాన మంత్రి విజయనగరం అశోక్ గజపతిరాజు. 2022 డిసెంబరు 10న చెన్నై నుంచి తిరుచ్చి వెళ్లాల్సిన ఇండిగో ఏటీఆర్‌లో బెంగళూరు ఎంపీ తేజస్వీ సూర్య కూర్చున్న చోట అత్యవసర ద్వారం తెరుచుకుంది. విమానం ఇంకా నేల మీదే ఉంది. పొరపాటున జరిగిందని డీజీసీఏ తేల్చింది, ఆయన క్షమాపణ చెప్పారు, పరీక్షలన్నీ చేశాక విమానం ఆలస్యంగా బయల్దేరింది.

ఈ చివరి సంఘటనను విజయవాడ ఉదంతం పక్కన పెట్టి చూడాలి. రెండూ ఒకే రకం విమానాలు, ఒకే సంస్థ, మూడు నెలల తేడా. ఇంగ్లిష్ ధారాళంగా వచ్చిన న్యాయవాది, ఎంపీ కూర్చున్నచోట తలుపు తెరుచుకుంది. తెలుగే వచ్చిన మహిళ తలుపు జోలికి పోలేదు, అయినా లేచింది. భాష వచ్చినంత మాత్రాన మాట బుర్రకెక్కినట్టు కాదు. చెప్పింది అర్థమైందా అని కళ్లలోకి చూసి అడిగి తెలుసుకోవాలి. ఆ అడగడం ఆమెకు వచ్చిన భాషలో జరగలేదు.

అర్థం కాని సూచన

భద్రతా సూచనలు అర్థం కాకపోతే ఏమవుతుందో చెప్పడానికి 1996 నవంబరు 23న కొమొరోస్ దీవుల దగ్గర సముద్రంలో కూలిన ఇథియోపియన్ విమానాన్ని మించిన ఉదాహరణ లేదు. హైజాకర్ల వల్ల ఇంధనం అయిపోయి నీళ్లలో దిగింది. విమానంలో ఉన్న 175 మందిలో 125 మంది చనిపోయారు. లైఫ్ జాకెట్‌ను లోపల ఉండగానే గాలితో నింపుకున్నవాళ్లు, నీళ్లు నిండుతున్న విమానంలో పైకప్పుకు ఆనుకుపోయి, కిందికి మునిగి బయటికి ఈదలేకపోయారు. తాడు లాగేది బయటికి వచ్చాకే అన్నది రోజూ చెప్పే మాటే. మన విమానాల్లోనూ ఇంగ్లిష్‌లో ఒకసారి, హిందీలో ఒకసారి చెబుతారు. పూండి గట్టు మీద పెరిగి ఈత బాగా వచ్చిన మనిషి కూడా ఆ ఒక్క వాక్యం తెలియక పోవచ్చు.

2016 ఆగస్టు 3న తిరువనంతపురం నుంచి వెళ్లిన ఎమిరేట్స్ విమానం దుబాయ్ రన్‌వే మీద కూలింది. సిబ్బందితో కలిపి 300 మంది. అందరూ బతికి బయటపడ్డారు. మంటలార్పడానికి వచ్చిన ఒక అగ్నిమాపక ఉద్యోగి మాత్రం చనిపోయాడు. లోపల తీసిన వీడియోల్లో జనం పై గూళ్లలోంచి బ్యాగులు లాగుతూ కనిపిస్తారు. అన్నీ వదిలేయండి అని క్రూ అరుస్తూనే ఉన్నారు. బ్యాగు వదలకపోవడానికి భాష ఒక్కటే కారణమని నేను అనను. పాస్‌పోర్టు, వీసా, ఏళ్ల కష్టం అంతా ఆ సంచిలోనే ఉన్న గల్ఫ్ కార్మికుడు దాన్ని వదలాలంటే మామూలు ధైర్యం చాలదు. అలాంటి మనిషిని ఆ క్షణంలో కదిలించేది తల్లి భాషలో వినబడ్డ కేకే.

2024 జనవరి 2న టోక్యో హనెడాలో జపాన్ ఎయిర్‌లైన్స్ విమానం మంటల్లో చిక్కుకుంది. 379 మంది. లోపలి మైకులు పనిచేయలేదు. క్రూ మెగాఫోన్లు పట్టుకుని, గొంతు చించుకుని అరిచారు. ఎనిమిది తలుపుల్లో మూడే వాడగలిగారు. అందరూ ప్రాణాలతో దిగారు, సామాను లోపలే కాలిపోయింది. ఎక్కువమంది ప్రయాణికులదీ, క్రూదీ ఒకే భాష. మైకు పోయాక మిగిలింది గొంతు ఒక్కటే. ఆ గొంతు ఏ భాషలో ఉందన్నది అప్పుడు చిన్న విషయం కాదు. కొత్త విమానానికి అనుమతి ఇచ్చేటప్పుడు సగం తలుపులు మూసి, అందరూ 90 సెకన్లలో బయటపడగలరా అని పరీక్షిస్తారు. మన దారుల్లో ఆ 90 సెకన్లలో ఎన్ని, పక్కవాడు ఏం చేస్తున్నాడో చూసి అర్థం చేసుకోవడానికి పోతాయి?

కాక్‌పిట్‌లో ఈ పాఠం ఎప్పుడో నేర్చుకున్నాం. 1996 నవంబరు 12న హరియాణాలోని చర్ఖీ దాద్రీ పైన సౌదీ విమానం, కజకిస్తాన్ విమానం గాల్లో ఢీకొన్నాయి. 349 మంది పోయారు. సౌదీ విమానంలో ఎక్కువమంది కూలి కోసం వెళ్తున్న మనవాళ్లు. కజక్ సిబ్బందికి ఇంగ్లిష్ సరిగ్గా రాకపోవడం కూడా కారణాల్లో ఒకటని విచారణ కమిషన్ చెప్పింది. తర్వాత అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ భాషా పరిజ్ఞానానికి కొలబద్ద పెట్టింది. 2008 మార్చి నుంచి, అంతర్జాతీయ మార్గాల్లో నడిపే పైలట్లకూ, వాళ్లతో మాట్లాడే కంట్రోలర్లకూ ఇంగ్లిష్‌లో నాలుగో స్థాయి తప్పనిసరి. అంటే భాష కూడా భద్రతేనని ప్రపంచం ఒప్పుకుంది. ఒప్పుకున్నది కాక్‌పిట్ తలుపు దాకానే. ఆ తలుపుకు ఇవతల వంద, రెండొందల మంది కూర్చున్న చోటికి అదే తర్కం ఇంకా రాలేదు.

చేయగలిగిన పనే

విమానాశ్రయాల్లో కొంత కదలిక వచ్చింది. ముందు స్థానిక భాషలో, తర్వాత హిందీలో, ఇంగ్లిష్‌లో ప్రకటనలు చేయాలని 2018 డిసెంబరులో ఆదేశాలు వెళ్లాయి. అప్పటి మంత్రి సురేశ్ ప్రభు ఆంధ్రప్రదేశ్ నుంచే రాజ్యసభలో ఉన్నారు. 2020 ఆగస్టు 9న చెన్నై విమానాశ్రయంలో, హిందీ రాదు, తమిళంలోనో ఇంగ్లిష్‌లోనో మాట్లాడమని అడిగిన ఎంపీ కనిమొళిని ఒక సీఐఎస్ఎఫ్ ఉద్యోగిని మీరు భారతీయులేనా అని అడిగారు. ఆ గొడవ తర్వాత స్థానిక భాష వచ్చినవాళ్లను తనిఖీల దగ్గర పెడతామని సీఐఎస్ఎఫ్ ప్రకటించింది. తమిళనాడులో తమిళంలో మాట్లాడే ఇండిగో పైలట్ల వీడియోలు వస్తే జనం మురిసిపోయి పంచుకున్నారు. కింద కావేరి కనిపిస్తోంది, శ్రీరంగం కనిపిస్తోంది అని చెప్పడం బాగుంది. లైఫ్ జాకెట్ సంగతి కూడా తమిళంలో చెప్పాలి.

నియమాన్ని జనం బతుకుకు దగ్గరగా తెస్తే ఏమవుతుందో శబరిమల స్వాముల ఇరుముడి చూపించింది. మంటకు అందుకునే వస్తువని కొబ్బరికాయను చేతి సామానులో తీసుకెళ్లనివ్వరు. నెయ్యి నింపిన కొబ్బరికాయ ఇరుముడిలో తప్పనిసరి. తిరుత్తణి, పుత్తూరు వైపు నుంచి శబరిమల వెళ్లే స్వాములు ఎందరో. ఇరుముడిని చెకిన్ సామానుగా వేయడం వాళ్ల మనసుకు ఒప్పదు. 2024 అక్టోబరులో కేంద్ర విమానయాన మంత్రి కింజరాపు రామ్మోహన్ నాయుడు, ఎక్స్‌రే తనిఖీలయ్యాక ఇరుముడిని చేతిలో తీసుకెళ్లవచ్చని ప్రకటించారు. అప్పుడు 2025 జనవరి 20 దాకా ఆ మినహాయింపు ఇచ్చారు. భద్రత ఏమీ సడలలేదు, తనిఖీ తనిఖీయే. మనిషిని అర్థం చేసుకుని నియమం కొంచెం పక్కకు జరిగింది.

అదే మంత్రి చేతుల్లో ఈ భాష సంగతీ ఉంది. శ్రీకాకుళం నుంచి వచ్చిన ఆయనకు విశాఖలో విమానం ఎక్కే వలస కుటుంబాల సంగతి వేరే చెప్పనక్కర్లేదు. కావాల్సింది పెద్ద బడ్జెట్ కాదు. భద్రతా ప్రకటన రికార్డు చేసి వినిపించగలిగిన విమానాలు ఎన్నో ఉన్నాయి. బయల్దేరే ఊరి భాషలో, దిగే ఊరి భాషలో ఆ రికార్డు ఒకసారి వినిపించాలి. బెల్టు తీయండి, సామాను వదిలేయండి, ఇటు రండి, అటు వద్దు, దూకండి: ఈ అయిదు కేకలు ప్రతి క్రూ సభ్యుడికీ తను తిరిగే దారుల భాషల్లో నోటికి రావాలి. ఏడాదికోసారి జరిగే శిక్షణలో స్లైడు మీద దూకించినట్టే ఇవీ పలికించాలి. ఎవరికి ఏ భాష వచ్చో విమాన సంస్థల దగ్గర ఉంటుంది. ఎమిరేట్స్ విమానం ఎక్కితే ఈ రోజు మన క్రూ ఇన్ని భాషలు మాట్లాడతారని మైకులో చెబుతారు. విజయవాడ, తిరుపతి, రాజమండ్రి, చెన్నై దారుల్లో డ్యూటీ వేసేటప్పుడు ఆ భాష వచ్చినవాళ్లు కనీసం ఒకరు ఉండేలా చూడటం అసాధ్యం కాదు. డీజీసీఏ దాన్ని సలహాగా కాక నిబంధనగా రాయాలి. సలహాలు అమలైన దాఖలా మనకు తక్కువ.

ప్రయాణికుడి వైపునా చేయాల్సింది ఉంది. పూండి, ఊత్తుకోట, తిరుత్తణిల్లో ట్రావెల్ ఏజెంట్లు టికెట్‌తో పాటు ఒక పావుగంట ఇవ్వాలి. బెల్టు ఎలా తీయాలి, లైఫ్ జాకెట్ ఎక్కడుంటుంది, ఏ వస్తువు ఎక్కడ పెట్టాలి అని తెలుగులోనో తమిళంలోనో చెప్పాలి. పవర్ బ్యాంక్ చెకిన్ పెట్టెలో వేయకూడదు, చేతి సామానులోనే ఉండాలి. లిథియం బ్యాటరీ అంటుకుంటే కింద సామాను గదిలో ఎవరికీ కనపడదు, పైన అయితే క్రూ చేతికి అందుతుంది. ఈ కారణం చెబితే పెద్దావిడ కూడా మనవడి పెట్టె విప్పి చూస్తుంది. కారణం చెప్పని నియమాన్ని తప్పించుకోవడానికే చూస్తారు.

అత్యవసర వరుస విషయంలో ఇంకొక్క మాట. ఆ సీటుకు భాష కావాలన్నది నిజం. దానికి కొలత ఆ రోజు ఆ విమానంలో క్రూ ఇచ్చే ఆదేశం అర్థం కావడం. తెలుగు వచ్చిన క్రూ సభ్యురాలు వచ్చి, ఈ తలుపు ఎప్పుడు తీయాలో, ఎప్పుడు తీయకూడదో తెలుగులో చెప్పి, తీయగలవా అమ్మా అని అడగాలి. తీస్తానంటే కూర్చోనివ్వాలి. నావల్ల కాదంటే వేరే సీటుకు మార్చాలి, ఎందుకు మారుస్తున్నామో కూడా తెలుగులోనే చెప్పాలి. తెలుగు వచ్చినవాళ్లు ఆ విమానం క్రూలో ఒక్కరూ లేకపోతే, ఆ లోపాన్ని ప్రయాణికురాలి ఖాతాలో వేయకుండా డ్యూటీ పట్టిక వేసినవాళ్లకు ఆ పూటే రాతపూర్వకంగా పంపాలి. ఫ్లైట్ రిపోర్టులో దానికోసం ఒక గడి ఉంటే చాలు.